ఆకుకు హారతి, పూతకు అరదండాలు

గంజాయి మొక్క వృక్షశాస్త్రానికి ఒక్కటే. మన చట్టానికి మాత్రం అది పంపకాలు తేలని ఉమ్మడి కుటుంబం. నిలబడింది ఒకే వేరు మీదైనా ఒక్కొక్కరి జాతకం ఒక్కో తీరు.

ఆకు పరమ భక్తుడు. నూరి పాలల్లో కలిపితే భంగు. శివరాత్రికీ హోలీకీ ఉత్తరాదిన అది ప్రసాదం. జైసల్మేర్‌లో ప్రభుత్వ అనుమతి ఉందని బోర్డు రాయించుకున్న భంగు దుకాణం ముందు విదేశీ యాత్రికులు ఫొటోలు దిగి మరీ తాగుతారు. గింజ ఆరోగ్యవాది. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ గింజనీ, దాని నూనెనీ, పిండినీ తిండి పదార్థాల జాబితాలో చేర్చింది. పీచు పారిశ్రామికవేత్త. 2018లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం దేశంలో అందరికన్నా ముందు దాని సాగుకు లైసెన్సు ఇచ్చింది. ఇక మిగిలింది పూత. ఆ ఇంట్లో రౌడీషీటర్ అదొక్కటే.

1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, పోలీసుల నోట ఎన్డీపీఎస్, గంజాయి అంటే పూతా కాయా ఉన్న కొనలేనని నిర్వచించింది. పూత తోడు లేకుండా విడిగా దొరికిన ఆకు, గింజ ఆ లెక్కలోకి రావు. పూతతో కలిసి దొరికితే మాత్రం ఆకు కూడా ముద్దాయే. సావాసదోషం అనే మాటకు భారత పార్లమెంటు ఇచ్చిన అధికారిక వ్యాఖ్యానం ఇది.

అక్కడి నుంచి న్యాయం కాటా ఎక్కుతుంది. కిలో లోపు ‘స్వల్ప పరిమాణం’. ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, పైన లక్షల్లో జరిమానా. ఇప్పుడు ఒక ప్యాకెట్ల మూటను ఊహించండి. బ్రౌన్ టేపు విప్పి, పూత, కాడ, ఆకు, గింజ, అడుగున మట్టిబెడ్డలు అన్నీ కలిపి తూస్తే ముల్లు 21 కిలోల దగ్గర ఆగింది. పూత ఒక్కటే ఏరి తూస్తే పధ్నాలుగో పదిహేనో ఉంటుంది. ఆ ఆరేడు కిలోల కాడల మీద, మట్టి మీద ఒక మనిషి పదేళ్ల బతుకు ఆధారపడి ఉంది. పూత ఎంత, చెత్త ఎంత అని వకీళ్లు వాదించి, హైకోర్టులు తలపట్టుకుని బెయిలు ఇచ్చిన సందర్భాలున్నాయి, ఇవ్వని సందర్భాలూ ఉన్నాయి. ముద్దాయి మాత్రం ఆ వాదన తేలేదాకా లోపలే. ఎందుకంటే వాణిజ్య పరిమాణం కేసుల్లో సెక్షన్ 37 ప్రకారం, ఇతను నేరం చేసి ఉండడని న్యాయమూర్తికి సహేతుకంగా అనిపిస్తేనే బెయిలు. విచారణ మొదలు కాకముందే నిర్దోషినని నమ్మించుకోగలిగినవాడికి ఇక విచారణ దేనికో చట్టం చెప్పలేదు.

వైద్యానికి అనుమతిద్దామా, వినోదానికి కూడా ఇద్దామా అని మేధావులు చర్చించుకుంటున్నారు గానీ, ఈ దేశంలో వినోద వినియోగానికి సంపూర్ణ స్వేచ్ఛ సంపాదించుకున్న వర్గం ఒకటి ఇప్పటికే ఉంది. ఎలుకలు. 2022 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు, రెండు స్టేషన్ల మాల్‌ఖానాల్లో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు విన్నవించుకున్నారు. కోర్టు రుజువు అడిగింది. 2023లో చెన్నైలో ఒక కేసు ఇలాగే వీగిపోయింది. పట్టుకున్నది సుమారు 22 కిలోలు, నమూనాలు పోను మిగిలినదంతా ఎలుకల పాలు, నిందితులు ఇంటికి. 2024లో జార్ఖండ్‌లోని ధన్‌బాద్ ఎలుకలు గంజాయితో ఆగక భంగు కూడా ముట్టుకున్నాయి. భక్తికీ నేరానికీ తేడా చూడని సమదృష్టి వాటిది. సెక్షన్ 27 ప్రకారం గంజాయి సేవిస్తే ఆరునెలల దాకా జైలు. ఒక్క ఎలుక మీదా ఎఫ్ఐఆర్ లేదు, ఒక్కదాన్నీ డీ-అడిక్షన్ కేంద్రానికి పంపలేదు. క్వింటాళ్ల కొద్దీ గంజాయి తిన్నాక ఆరోగ్యం ఏమవుతుందన్న ప్రశ్న మీద ఇంత భారీ ప్రయోగం ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయమూ చేసి ఉండదు. ఫలితాలు మాత్రం స్టేషన్ గోడలు దాటి బయటికి రాలేదు.

ఎలుకల్ని అడగకపోయినా మనుషుల్ని అడిగిన కాలం ఒకటుంది. అడిగినవాడు తెల్లదొర. 1893-94లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసి, దేశమంతా తిరిగి, 1,193 మంది సాక్షుల్ని విచారించి, ఏడు సంపుటాల నివేదిక రాయించాడు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం పెడితే ప్రజలు అంతకన్నా ప్రమాదకరమైన వాటి వైపు పోతారు, కాబట్టి లైసెన్సు పెట్టి పన్ను వేయండి అని దాని సారాంశం. దొరకు మన మీద దయ కలిగి రాసిన మాటలు కావవి, ఎక్సైజు రాబడి మీద కన్నుంది. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. చట్టం చేసే ముందు విచారించాలని వాడికి తోచింది.

మనకు తోచలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు మనవాళ్లు సంప్రదాయ వాడకానికి పాతికేళ్ల గడువు తెచ్చుకున్నారు. భంగు ఆకును గంజాయి నిర్వచనంలోంచి తప్పించుకున్నారు. గడువు దగ్గర పడ్డాక 1985లో, కమిషన్లూ సంపుటాలూ ఏమీ లేకుండా, నెల తిరక్కుండానే బిల్లు పెట్టడం, ఆమోదించడం, రాష్ట్రపతి సంతకం అన్నీ అయిపోయాయి. ఏ రోజు అమల్లోకి తెచ్చారో తెలుసా? నవంబరు 14న. పిల్లలకు నెహ్రూ పుట్టినరోజు కానుక.

ప్రపంచానికి గంజాయి వద్దని చెప్పే పని అమెరికా భుజాన వేసుకుంది. ఇప్పుడు ఆ అమెరికాలోనే సగానికి కాస్త తక్కువ రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండినవాడు దుకాణానికి వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, రసీదు తీసుకుని గంజాయి కొనుక్కోవచ్చు. కాలిఫోర్నియా 1996లో మందుగా ఒప్పుకుంది. కొలరాడో 2014 జనవరి 1న వినోదానికి తలుపులు తెరిచింది. 2018లో కెనడా దేశం మొత్తానికీ అనుమతిచ్చింది. 2024 ఏప్రిల్‌లో జర్మనీ పాతిక గ్రాములు జేబులో, మూడు మొక్కలు ఇంట్లో అంది. థాయిలాండ్ 2022లో గేట్లు బార్లా తెరిచి, వీధికో దుకాణం వెలిశాక నాలుక కరుచుకుని, 2025లో డాక్టరు చీటీ ఉండాలంటూ సగం మూసింది.

చట్టం మారితే నీతి ఎంత వేగంగా మారుతుందో చూడాలంటే ఇద్దరు పెద్దమనుషులు చాలు. అమెరికా ప్రతినిధుల సభకు స్పీకరుగా చేసిన జాన్ బెనర్ పదవిలో ఉన్నంతకాలం గంజాయికి బద్ధ వ్యతిరేకి. 2018లో ఒక గంజాయి కంపెనీకి సలహాదారుల బోర్డులో చేరారు. కెనడాలో టొరంటో పోలీసు చీఫ్‌గా చేసి, తర్వాత మంత్రి అయిన జూలియన్ ఫాంటినో ఒకప్పుడు గంజాయిని చట్టబద్ధం చేయడాన్ని హత్యను చట్టబద్ధం చేయడంతో పోల్చారు. ఆ తర్వాత ఆయనే వైద్య గంజాయి కంపెనీ పెట్టారు. తప్పు చేస్తున్నవాళ్లను పట్టుకోవడంలో సంపాదించిన అనుభవం ఎక్కడికీ పోదు.

అక్కడున్న మన తెలుగువాళ్ల సంగతి ఇంకో ప్రహసనం. ఆరునెలలు పిల్లల దగ్గర ఉండడానికి వెళ్లిన తల్లి, సాయంత్రం వాకింగులో గుప్పుమన్న వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని ‘ఇదేంటర్రా, ఎక్కడో ఉడుము చచ్చినట్టుంది’ అంటుంది. కొడుకు మాట మారుస్తాడు. ఆవిడ మోకాళ్లకు కోడలు రాస్తున్న క్రీము కూడా ఆ మొక్క చలవేనని ఎవరూ చెప్పరు. వాళ్లు ఉంటున్న రాష్ట్రంలో గంజాయి నేరం కాదు. కానీ ఫెడరల్ చట్టానికి అది నేరమే. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేవాళ్లు లైసెన్సున్న గంజాయి దుకాణంలో ఉద్యోగం చేసినా సత్ప్రవర్తన లేదనిపించుకునే ప్రమాదం ఉందని అక్కడి వలస శాఖ 2019లో స్పష్టంగా చెప్పింది. అదే దుకాణంలో వాటా ఉన్న పౌరుడికి అదే పని వ్యాపార దక్షత. మొక్క ఒక్కటే, ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. ఈ సూత్రం గుర్తుంచుకోండి, విశాఖ మన్యంలోనూ పనికొస్తుంది.

మన దగ్గర చట్టబద్ధం చేయాలనే పక్షం వాదనలు వినండి. మొదటిది శివుడు. సాక్షాత్తూ ఆయనే పుచ్చుకున్నాడు, మీరెవరు కాదనడానికి అంటారు. ఆయన హాలాహలం కూడా పుచ్చుకున్నాడు, దానికి లైసెన్సు ఎవరూ అడగలేదే. రెండోది ప్రకృతి. రసాయనం కాదు, మొక్క, కాబట్టి హాని లేదంటారు. ఉమ్మెత్త కాయ ఏ ఫ్యాక్టరీలో తయారైంది? గన్నేరు పప్పు ఏ కంపెనీ సరుకు? మూడోది వెల్‌నెస్. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక సీసా కనబడుతుంది. నిద్ర పట్టడానికీ అదే, జుట్టు మొలవడానికీ అదే, ఆఫీసు ఒత్తిడికీ అదే, ప్రేమ బెడిసికొట్టినా అదే రెండు చుక్కలు నాలుక కింద. వెనకటికి సంతలో చెట్టుకింద పామునూనె అమ్మినవాడు కూడా ఇన్ని రోగాలు చెప్పడానికి కాస్త సిగ్గుపడేవాడు. ఎదిగే మెదడు మీద గంజాయి ప్రభావం, బలమైన రకాలు రోజూ పీల్చేవాళ్లలో మతిభ్రమణం వచ్చే ముప్పు, అలవాటుపడ్డవాళ్లలో కొందరు బయటపడలేకపోవడం, ఇవేవీ ఆ సీసా మీద పట్టవు. కాలేజీ గేటు పక్క సందులో చిన్న పొట్లం కొన్న పిల్లాడి తల్లి దగ్గరికి వెళ్లి శివుడి కథ చెప్పి రండి, చూద్దాం.

వైద్యం మాట నిజంగా నిజం కాబట్టే ఈ సీసాలవాళ్ల మీద ఎక్కువ కోపం వస్తుంది. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో ఓషానసీ అనే డాక్టరు మన గంజాయిని ధనుర్వాతానికీ, పసిపిల్లల మూర్ఛకూ వాడి చూసి, పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేశాడు. అంటే ఆ పాఠం ఇక్కడి నుంచే వెళ్లింది. దాదాపు 180 ఏళ్ల తర్వాత, 2018లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛవ్యాధులకు గంజాయి నుంచి తీసిన మందును ఆమోదించింది. కీమోథెరపీ వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోవడానికి ఈ జాతి మందులు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి. మోతాదు, పరీక్ష, దుష్ఫలితాల పట్టిక, డాక్టరు సంతకం అన్నీ ఉన్న మందులవి. జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థ కూడా అనుమతి తీసుకుని ఈ మొక్కను పెంచి పరిశోధిస్తోంది. 2020 డిసెంబరులో వియన్నాలో ఐక్యరాజ్యసమితి కమిషన్, గంజాయిని అతి ప్రమాదకరమైన పదార్థాల జాబితాలోంచి తీసేయాలా అని ఓటింగు పెడితే 27 దేశాలు సరేనన్నాయి, 25 వద్దన్నాయి. సరేనన్నవాటిలో భారతదేశం ఉంది. వియన్నాలో మన ప్రతినిధి చెయ్యెత్తుతున్న ఆ రోజుల్లోనే, ముంబయిలో మన అధికారులు సినిమావాళ్ల పాత వాట్సాప్ సందేశాల్లో గంజాయి కోసం సోదా చేస్తున్నారు. ఎత్తిన చేతికీ వెతికిన చేతికీ జీతం ఒకే ఖజానా నుంచి.

వైద్యానికి ఇస్తే దుర్వినియోగమవుతుందని భయపెట్టేవాళ్లకు ఒక పాత లెక్క గుర్తుచేయాలి. ఇదే 1985 చట్టం మార్ఫిన్‌ను మందుగా వాడుకోవచ్చంది. వాడుకోవడానికి కావాల్సిన లైసెన్సులు ఎన్నో, ఒక్కోటి ఒక్కో శాఖ దగ్గర, ఒకటి వచ్చేలోపు ఇంకోదాని గడువు ముగిసేది. ఆసుపత్రులు మాకెందుకీ గొడవని మానేశాయి. 1985 నుంచి 1997 నాటికి దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం పడిపోయింది. నల్లమందు పంటను సర్కారు లైసెన్సు మీద మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో పండించి విదేశాలకు ఎగుమతి చేసే దేశంలో క్యాన్సర్ రోగులు మందు లేక నొప్పితో అరుస్తూ పోయారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టాన్ని కాస్త సడలించారు. దుర్వినియోగాన్ని అడ్డుకోవడంలో మన విజయం అంత గొప్పది. సద్వినియోగం కూడా జరగనివ్వలేదు.

ఇక నీతిమంతుల పక్షం. ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊరూరా బోర్డులు పెట్టింది. గంజాయి కనబడితే 1972కు ఫోన్ చేయమంది. మంచిదే. అదే ప్రభుత్వం 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీసింది. 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా మూత తీయకుండానే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు. తెలంగాణను తక్కువ చేయకండి. అంతకు ముందు ఏడాది 2,620 దుకాణాలకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు, 2,639 కోట్లు. పాలించే పార్టీ మారినా, రాష్ట్రం రెండయినా, ఈ ఒక్క విషయంలో తెలుగుజాతి ఐక్యత చెక్కుచెదరలేదు. కొడుక్కి ‘డ్రగ్స్ వద్దు బ్రో’, తండ్రికి ‘99 రూపాయలకే క్వార్టర్ బ్రో’. గంజాయి వాసన వస్తే ఫోన్ చేయడానికి నంబరుంది. మొగుడు తాగొచ్చి తంతుంటే, ఆ సరుకు అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఏ నంబరుందో చెప్పండి. అవతలి వైపు ఎత్తేది కూడా సర్కారే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీద తిరగబడ్డప్పుడు ఏ ప్రభుత్వానికీ నీతి గుర్తురాలేదు, అంతకుముందు సారా పొట్లాలు పంచిపెట్టిందే ప్రభుత్వం. వాళ్లు వీధికెక్కితే 1993లో సారా పోయింది, 1995లో మద్యం మొత్తం పోయింది. 1997లో ఖజానా బోసిపోయిందని సీసాలు తిరిగొచ్చాయి. దీన్నిబట్టి ఒక సంగతి రూఢి అవుతుంది. మన దగ్గర మత్తు పాపమా పుణ్యమా అన్నది తేల్చేది వైద్యుడూ కాదు, పురోహితుడూ కాదు. ఆర్థిక శాఖ కార్యదర్శి.

ఇప్పుడు కొండెక్కుదాం. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, గూడెం కొత్తవీధి, అవతల ఒడిశా మల్కనగిరి, కోరాపుట్. దేశం మొత్తానికీ తెలిసిన ‘శీలావతి’ రకం ఇక్కడిదే. అక్కడి ఊళ్లలో చాలావాటికి రోడ్డు లేదు. నిండు గర్భిణిని డోలీ కట్టి వాగులు దాటించి మోసుకెళ్తున్న ఫొటో ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది, దాని కింద కలెక్టరుగారి స్పందన వస్తుంది, మళ్లీ వానాకాలం వస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే, అదే ఊరి గంజాయి ముంబయికీ, చెన్నైకీ, హైదరాబాదుకీ చెప్పిన టైముకి చేరుతుంది. ముందు పైలట్ బైకు, వెనక రహస్య అర పెట్టిన వ్యాను, పైన పనసకాయల లోడు. 2021లో మధ్యప్రదేశ్ పోలీసులు ఛేదించిన ఒక కేసులో విశాఖ గంజాయి స్టీవియా ఆకు పేరుతో ఆన్‌లైన్ అమ్మకాల పార్శిళ్లలో ఇంటి గుమ్మానికి వచ్చింది. వైద్య ఆరోగ్య శాఖవారు ఈ రవాణాదారుల దగ్గర నెలరోజులు శిక్షణ తీసుకుంటే మన్యంలో డోలీలు ఉండవు.

గిరిజన రైతు ఎందుకు వేస్తాడని అడుగుతారు. కాఫీ వేస్తే చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు. దానికి ముందు నీడకు సిల్వర్ ఓక్ పెరగాలి. గింజలు కోసి, ఎండబెట్టి, సంతకు మోసుకెళ్తే అక్కడ దళారి చెప్పిందే ధర. గంజాయి ఆరునెలల్లో కోతకొస్తుంది. వ్యాపారి పై రాష్ట్రం నుంచి ఇంటికొచ్చి, విత్తనమిచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, పంట ఎత్తుకుపోతాడు. వ్యవసాయ శాఖ డెబ్బై ఏళ్లుగా ఇస్తామంటున్న సేవలన్నీ ఒకే మనిషి చేస్తున్నాడు. అతను నేరస్థుడు కావడం ఒక్కటే లోపం.

2021 అక్టోబరు చివర్లో ఈ తోటల మీద పోలీసుల ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలైంది. ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలకు పైగా గంజాయిని కుప్పలు పోసి, పోలీసు పెద్దల సమక్షంలో తగలబెట్టారు. కిలో సంచిలో పెట్టుకుంటే జైలు. రెండు లక్షల కిలోలు ఒకేసారి ముట్టిస్తే ప్రెస్‌మీట్. ఆ రోజు ఆకాశానికి లేచిన పొగ మీద ఏ సెక్షనూ పడలేదు.

ఆ ప్రెస్‌మీట్ ఫొటోలు మీరూ చూస్తూనే ఉంటారు. ముందు బల్ల మీద ప్యాకెట్లు వరసగా పేర్చి ఉంటాయి. వెనక కుర్చీల్లో అధికారులు. వాళ్ల వెనక మొహాలకు నల్ల ముసుగులు వేసిన నలుగురు నిలబడి ఉంటారు. ముసుగులెందుకో తెలియదు, కాళ్లు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. అరిగిపోయిన హవాయి చెప్పులు. ఒకడు ఐదో పదో వేలకు బస్సులో సంచి మోసిన కుర్రాడు, ఇంకొకడు తోట కాపలాదారు. ఆ వరసలో ఉండాల్సిన ఐదోవాడు, పెట్టుబడి పెట్టినవాడు, ఎప్పుడూ ‘పరారీలో’ ఉంటాడు. ఎన్నేళ్లుగా ఫొటోలు తీస్తున్నా అతను ఒక్కసారీ ఫ్రేములోకి రాలేదు. ముసుగు ఉన్నవాళ్లు విశాఖ సెంట్రల్ జైలు కిక్కిరిసిపోయేలా చేరుతుంటారు. బెయిలు రాదు. వచ్చినా జామీను ఇచ్చేవాళ్లుండరు.

సరే, రేపు చట్టం మారిందనుకుందాం. ఏం జరుగుతుందో నేను చెబుతాను, కాగితం మీద రాసిపెట్టుకోండి. లైసెన్సు దరఖాస్తు రుసుము తిరిగి ఇవ్వబడదు. మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉండే విత్తనమే వాడాలంటారు, ఉత్తరాఖండ్ నియమం అదే. ఆ విత్తనం కంపెనీ దగ్గరే దొరుకుతుంది. పరీక్ష చేయించడానికి ప్రయోగశాల, కంచె, సీసీ కెమెరాలు. కొండ మీద కరెంటే లేని రైతు సీసీ కెమెరా ఎక్కడ తగిలిస్తాడో అడగకండి. తర్వాత మొదటి వినతిపత్రం వస్తుంది. మన్యంలో గిరిజనేతరులకు భూమి దక్కనివ్వని 1/70 చట్టం పెట్టుబడులకు అడ్డంగా ఉంది, ‘ప్రగతి దృష్ట్యా’ సడలించండి అని. గనుల కోసం ఇదే పాట పాడితే 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. ఈసారి గని బదులు ఔషధ తోట. పాట అదే. మత్తుమందుల వ్యతిరేక సభలో ప్రతిజ్ఞ చేయించిన అధికారి రిటైరై ఆ కంపెనీ బోర్డులో కూర్చుంటారు. టొరంటోలో చేసి చూపించారు కదా. ఒకే పంట మీద కొండ కింద ‘ఉత్తమ పారిశ్రామికవేత్త’ శాలువా, కొండ మీదివాడికి సెక్షన్ 20 కింద ముద్దాయి నంబరు.

చట్టబద్ధం చేయాలన్నవాళ్లూ, చేయకూడదన్నవాళ్లూ టీవీలో ఎంత అరుచుకున్నా, ఆ హవాయి చెప్పులవాడి సంగతి దగ్గర ఇద్దరూ కలిసే మౌనం పాటిస్తారు. ఒకరికి అతను నేరగాడు, ఇంకొకరికి అతను తమ స్టార్టప్‌కు పోటీదారు.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా కొత్త చట్టం తెస్తానంటే నావి నాలుగు షరతులు. ఒకటి, లైసెన్సుల మొదటి జాబితా వెలువడే ముందు రోజు, సంచులు మోసినందుకూ మొక్కలు వేసినందుకూ జైల్లో ఉన్న నిరుపేదల కేసులు తిరగదోడి వదలాలి. చిన్న పొట్లంతో దొరికిన కుర్రాణ్ణి జైలుకు పంపి అక్కడ పెద్ద వ్యాపారం నేర్పించే పద్ధతి మానాలి. రెండు, మందు మందులాగే రావాలి. పరీక్షలు, మోతాదు, డాక్టరు చీటీ. ఇన్‌స్టాగ్రామ్ సీసాలకు సెలవు. మూడు, పంటకు అనుమతిస్తే మొదటి హక్కు మన్యం రైతుది, వాళ్ల సహకార సంఘానిది, 1/70 జోలికి పోకుండా. వినోదం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. మద్యం రాబడి మీద బడ్జెట్ నడుపుతున్న సర్కారు చేతికి ఇంకో మత్తు కౌంటరు ఇస్తే, రెండో ఏడాదికే ఎక్సైజు సూపరింటెండెంటుకు గంజాయి అమ్మకాల టార్గెట్ పెడుతుంది, చేరకపోతే మెమో ఇస్తుంది. నాలుగు, మత్తుకు వ్యతిరేకంగా మంత్రిగారు ప్రతిజ్ఞ చేయించే ప్రతి సభలోనూ, అదే వేదిక మీద, ఆ నెల మద్యం రాబడి అంకెను ఆయనే స్వయంగా పైకి చదవాలి.

ఈ నాలుగు షరతులకూ ఏ ప్రభుత్వమైనా సరేనని సంతకం పెడితే, సంతోషించే ముందు ఒక పని చేయండి. ఆ సంతకం పెట్టినాయనకు వెంటనే మూత్ర పరీక్ష చేయించండి. మామూలు స్థితిలో ఉన్న రాజకీయ నాయకుడెవడూ అలాంటి పని చేయడు.